ముందు ప్రాణం, తరువాత పరువు

(సిడ్నీ పశ్చిమ శివార్లలో ఉండే తెలుగు కుటుంబాలు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు ఒక ఎమర్జెన్సీ నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

నమస్కారం అండీ. పిల్లలు కూడా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నన్ను పిలిచినప్పుడు "డ్రగ్స్ జోలికి పోవద్దని పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. చెప్తాను. తీసుకోవద్దు నాన్నా. నేను చూసినవి మీరు చూస్తే మీరే వద్దంటారు. దాంతో పిల్లలకి చెప్పాల్సింది సగం అయిపోయింది. ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడాలని వచ్చింది అమ్మానాన్నలతో.

ఇక్కడ వేసవి వచ్చిందంటే, అంటే డిసెంబరు జనవరి నెలల్లో, నేను మ్యూజిక్ ఫెస్టివల్స్ దగ్గర మెడికల్ టెంట్‌లో డ్యూటీలు చేస్తుంటాను. వేలమంది పిల్లలు, గుండెల్లో మోగే స్పీకర్లు, నెత్తిన ఎండ. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి కాలు బెణికుంటుంది, వడదెబ్బ తగిలుంటుంది, లేదా బీరు ఎక్కువై వాంతులవుతుంటాయి. కాసేపు పడుకోబెట్టి పంపించేస్తాం. మిగిలిన కొద్దిమందే మాకు నిద్రలో కూడా గుర్తొస్తారు.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఏ ఊరో, ఏ ఫెస్టివలో చెప్పను. ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా, ఎందుకంటే వాళ్ళ కుటుంబం ఎక్కడ కూర్చుని వింటున్నా ఇబ్బంది పడకూడదు. మధ్యాహ్నం మూడు దాటింది. ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయి. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. దవడలు బిగుసుకుపోయి పళ్ళు పటపటలాడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవర్నీ చూడటం లేదు. టెంపరేచర్ పెడితే 41 డిగ్రీలు దాటింది. ఇంట్లో పిల్లాడికి 39 వస్తేనే తడిగుడ్డ పట్టుకుని రాత్రంతా కూర్చుంటాం కదా. 41 దాటి అలాగే ఉండిపోతే కండరాలు లోపల్లోపలే చితికిపోతాయి. ఆ వ్యర్థమంతా కిడ్నీలకి అడ్డం పడుతుంది. లివర్ దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే తీరే తప్పిపోతుంది. అందుకని మేం చొక్కా కత్తిరించేసి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ మూటలు పెట్టి, పైన చల్లనీళ్ళు పోసి ఫ్యాన్లు తిప్పాం. కొట్టుకోవడం తగ్గడానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు డాక్టరు.

అతనితోపాటు ఒక స్నేహితుడు వచ్చాడు. ఒక మూల నిలబడ్డాడు, రెండు చేతుల్తో ఆ పడిపోయిన అబ్బాయి బూట్లు గుండెలకి పట్టుకుని. మా డాక్టరు ఇంగ్లీషులో ఎన్ని అడిగినా నోరు విప్పడు. టికెట్ మీద పేరు చూస్తే మనవాళ్ళే అని అర్థమైంది. దగ్గరికెళ్ళి "ఏం తీసుకున్నాడు నాన్నా? ఎన్ని? ఎప్పుడు?" అని తెలుగులో అడిగాను. మన భాష వినపడితే ధైర్యం రావాలి కదా. ఆ పిల్లాడి ముఖం ఇంకా పాలిపోయింది. "అక్కా, మా వాళ్ళకి చెప్పకండి. వాళ్ళమ్మకి తెలిస్తే చచ్చిపోతుంది" అన్నాడు.

ఎదురుగా ఎవరు చచ్చిపోయేలా ఉన్నారో వాడికి కనపడుతూనే ఉంది. అయినా వాడి నోట మొదట వచ్చిన మాట అది.

తరువాత మెల్లగా చెప్పాడు. ఆ అబ్బాయి తడబడటం మొదలై నలభై నిమిషాలైందట. టాయిలెట్ల వెనక నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తూ ఉన్నాడట, అదే తగ్గిపోతుందని. మెడికల్ టెంట్ అక్కణ్ణించి రెండు వందల మీటర్లు కూడా లేదు. ఇద్దరూ స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు. పోలీసులొస్తారు, వీసా పోతుంది, ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి పంపించారు, ఊళ్ళో తల ఎత్తుకోలేరు. నలభై నిమిషాలు వాడు అక్కడ కూర్చుని ఆలోచించింది ఇదే. మేం మాట్లాడుతుండగా పడుకున్న అబ్బాయి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "అమ్మ" అని తెలుగు అక్షరాల్లో ఉంది. ఇండియాలో అప్పుడు ఉదయం పది కావొస్తుంటుంది, ఇంటి పని ముగించుకుని ఫోన్ చేసుంటుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది.

ఆ అబ్బాయి బతికాడు. కొన్ని రోజులు ఐసీయూలో ఉన్నాడు, కిడ్నీలు మళ్ళీ దారిన పడ్డాయి. అందరూ అలా బతకలేదు.

2017 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా, అంటే పద్నాలుగు నెలల్లోపు, మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మ్యూజిక్ ఫెస్టివల్స్‌కి వెళ్ళిన ఆరుగురు పిల్లలు చనిపోయారు. నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. వయసు 18 నుంచి 23. ఇలాంటి మరణాల మీద విచారణ జరిపే న్యాయాధికారిని ఇక్కడ కరోనర్ అంటారు. డిప్యూటీ స్టేట్ కరోనర్ హారియట్ గ్రేహామ్ ఆరు కేసులనూ కలిపి విచారించి 2019 నవంబరులో నివేదిక ఇచ్చారు. ఆరుగురి ప్రాణం తీసిందీ ఎండీఎంఏ అనే మందే. ఎక్స్టసీ అంటారు, మోలీ అంటారు, ఇక్కడి పిల్లలు క్యాప్స్ అంటారు, పింగర్స్ అంటారు. పేరు ఏదైనా సరుకు అదే.

ఆ ఆరుగురిలో చివరి అమ్మాయి గురించి మీకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది జరిగింది మన పారమట్టాలో. 2019 జనవరి. మనం దసరాకి, దీపావళికి సరుకులు కొనుక్కునే హ్యారిస్ పార్క్‌కి దగ్గర్లోనే ఉన్న పార్కు, అక్కడ జరిగిన ఫెస్టివల్. పందొమ్మిదేళ్ళ పిల్ల. గేటు దగ్గర పోలీసులు పట్టుకుంటారేమోనని భయపడి, విడివిడిగా తీసుకుందామనుకున్నవి లోపలికి వెళ్ళకముందే ఒకేసారి మింగేసిందని విచారణలో ఆమె స్నేహితులు చెప్పారు. వెస్ట్‌మీడ్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. మనలో ఎంతమంది కాన్పులు జరిగిన ఆసుపత్రి అది! అక్కడ ఆ పిల్ల పోయింది. అప్పటికి పిల్లలందరికీ పోలీసు కుక్కల సంగతి తెలుసు. గేటు దగ్గర కుక్క వాసన పట్టిందంటే పక్కకి తీసుకెళ్ళి సోదా చేస్తారు, కొందరికి బట్టలు విప్పించి కూడా. కరోనర్ తన నివేదికలో ఫెస్టివల్స్ దగ్గర ఈ కుక్కల్ని వాడటం మానేయమన్నారు. బట్టలు విప్పించే సోదాలకి గట్టి హద్దులు పెట్టమన్నారు. మందుల్ని అక్కడికక్కడే పరీక్ష చేసే ఏర్పాటు పెట్టమన్నారు. అప్పటి ప్రభుత్వం ఆ పరీక్షలకి ససేమిరా అంది.

పోలీసుల పని పోలీసులది, వాళ్ళని తిట్టడానికి రాలేదు నేను. అమ్మేవాణ్ణి పట్టుకోవాల్సిందే. కానీ భయపెడితే పిల్లలు మానేస్తారన్న లెక్క తప్పని ఆ అమ్మాయి చావు చూపించింది. భయపడింది, కానీ మానలేదు. భయపడి ఒకేసారి మింగింది.

పెద్దవాళ్ళకి ఒక సందేహం ఉంటుంది: అసలు ఎందుకు తీసుకుంటారు? చెడిపోయిన పిల్లలా? నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది చదువుకునేవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు. ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ ఫెస్టివల్‌కి వెళ్ళినప్పుడే. ఎండీఎంఏని 1912లో జర్మనీలో మెర్క్ కంపెనీ కెమిస్టులు తయారుచేశారు. మెదడులో సెరటోనిన్ అని ఒకటి ఉంటుంది, మన మూడ్‌ని, నిద్రని, ఒంటి వేడిని అదే చూసుకుంటుంది. మెదడు దాచుకున్న సెరటోనిన్‌ని ఈ మందు ఒక్కసారిగా బయటికి కుమ్మరిస్తుంది. అందుకే పక్కన ఉన్న తెలియనివాళ్ళ మీద కూడా ప్రేమ పుట్టుకొస్తుందట, పాట ఒంట్లోంచే వస్తున్నట్టుంటుందట. ఆ సుఖం అబద్ధమని పిల్లలకి చెప్పకండి. వాళ్ళ స్నేహితుణ్ణి అడిగితే నిజమని చెప్తాడు, ఆ తరువాత మీరు చెప్పే ఏ మాటా వాళ్ళు నమ్మరు. జరిగేది జరిగినట్టు చెప్పండి. అదే మందు ఒంటి వేడిని పెంచేస్తుంది, దాహం, అలసట తెలియనివ్వదు. ఎండలో నాలుగు గంటలు గెంతుతున్నా ఒళ్ళు "ఇక చాలు" అని చెప్పదు. పైగా ఎక్కడానికి అరగంటో గంటో పడుతుంది. ఈలోపు "ఏమీ కాలేదే" అని ఇంకోటి వేసుకుంటారు. రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. డిప్రెషన్‌కి మాత్రలు వాడే పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. కొన్ని మాత్రలతో ఇది కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికొస్తుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. "నీళ్ళు బాగా తాగు" అని మనమే చెప్పి పంపుతాం, మంచిదే. కానీ ఈ మందు తీసుకున్నప్పుడు ఒళ్ళు నీటిని బయటికి పోనివ్వదు. భయపడి సీసాల మీద సీసాలు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాస్తుంది. అలా చనిపోయినవాళ్ళున్నారు. గెంతుతున్నవాళ్ళకి గంటకి అర లీటరు దాకా, కూర్చున్నవాళ్ళకి అందులో సగం, గుక్క గుక్కగా. ఆ టాయిలెట్ల వెనక కూర్చున్న పిల్లాడు స్నేహితుడికి చేసిన సేవ మంచి మనసుతోనే చేశాడు పాపం. వాడికి ఇది ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ పరీక్షల విషయం. 2018 ఏప్రిల్‌లో కాన్‌బెరాలో గ్రూవిన్ ద మూ అనే ఫెస్టివల్‌లో ఆస్ట్రేలియాలోనే మొదటిసారి అధికారికంగా ఇది చేశారు. ఒక టెంటు ఉంటుంది. పిల్లవాడు తన దగ్గరున్న మాత్ర తీసుకొస్తాడు, పేరు అడగరు. దాన్నుంచి గోటితో గీరినంత పొడి తీసి యంత్రం మీద పెడతారు. కాసేపట్లో అందులో ఏముందో తెలుస్తుంది. అక్కడ కూర్చున్న హెల్త్ వర్కరు ఆ మాట చెప్పి, నీకు గుండె జబ్బుందా, ఇంకేం మాత్రలు వాడుతున్నావు, ఇంతకుముందు ఏమైంది అని అడుగుతారు. ఇది సేఫ్ అని మాత్రం ఎవరికీ చెప్పరు. పక్కనే ఒక డబ్బా ఉంటుంది, వద్దనుకుంటే అందులో పడేసి పోవచ్చు. ఆ రోజు 85 శాంపిల్స్ చూస్తే రెండింటిలో ప్రాణాంతకమైన రసాయనాలు ఉన్నాయి. కొన్నిటిలో పెయింటు, టూత్‌పేస్టు లాంటివి. మరుసటి ఏడాది అక్కడే మళ్ళీ చేస్తే ఏడుగురి దగ్గర ఎన్-ఇథైల్‌పెంటిలోన్ అనే ప్రాణాంతకమైన రసాయనం దొరికింది. ఏడుగురూ డబ్బాలో పడేశారు.

"ఇది ప్రోత్సహించడం కాదా?" అని ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు అడుగుతారు, నాకు కోపం రాదు. ఆ ఏడుగురి అమ్మానాన్నలకి ఈరోజుకీ తెలియదు ఆ రోజు ఏం తప్పిపోయిందో. నెదర్లాండ్స్‌లో 1992 నుంచి ప్రభుత్వ డబ్బుతోనే ఇలాంటి పరీక్షలు నడుస్తున్నాయి. మన రాష్ట్రం చివరికి 2025 మార్చిలో వులన్‌గాంగ్‌లో జరిగిన ఫెస్టివల్‌తో ట్రయల్ మొదలుపెట్టింది. కరోనర్ చెప్పిన ఐదేళ్ళకి పైన. ఇందులో నిజం ఇంకోటి కూడా చెప్పాలి: ఆ ఆరుగురినీ చంపింది కల్తీ కాదు, ఎండీఎంఏనే. కాబట్టి యంత్రం "ఇది అసలు సరుకే" అని చెప్పినా గండం తప్పినట్టు కాదు. నేను ఆ టెంటుని సమర్థించేది యంత్రం కోసం కంటే, ఆ పిల్లలు జీవితంలో మొదటిసారి దీని గురించి తిట్టకుండా మాట్లాడే పెద్దమనిషి ఎదురుగా కూర్చునే ఆ పది నిమిషాల కోసం.

అలాంటి పది నిమిషాలు మన ఇళ్ళల్లో ఉన్నాయా అండీ?

"వాళ్ళమ్మకి తెలిస్తే చచ్చిపోతుంది" అన్నాడు కదా ఆ పిల్లాడు. ఆ మాట వాడు ఎక్కడ నేర్చుకున్నాడు? మన నోటినుంచే. ఫెయిలైతే నేను బతకను, నువ్వు అలాంటి పని చేశావని తెలిస్తే నేను ఏదో నుయ్యో గొయ్యో చూసుకుంటాను. ఎన్నిసార్లు అన్నాం! ప్రేమతోనే అన్నాం. పిల్లలు ఆ మాటని అక్షరాలా నమ్మారు. ఫోన్ చేస్తే అమ్మ చచ్చిపోతుంది, చేయకపోతే స్నేహితుడు చచ్చిపోతాడు అన్న చోట వాణ్ణి నిలబెట్టాం.

మా ఇంట్లో సంగతి చెప్తాను. మా అమ్మాయికి పదిహేడు. ఆ డ్యూటీ అయిన వారానికి అడిగింది: "అమ్మా, నేనే అలా ఫోన్ చేస్తే నువ్వు మొదట ఏమంటావ్?" నేను ఆలోచించకుండా "అసలు అక్కడికి ఎందుకెళ్ళావ్, ఎవరితో వెళ్ళావ్ అంటాను" అన్నాను. అది ప్లేటు సింకులో పెట్టేసి, "అందుకే నీకు చెయ్యను" అని గదిలోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ నర్సుని. ఊరందరి పిల్లలకీ ధైర్యం చెప్తాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత మేమిద్దరం కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. తను ఎప్పుడు ఫోన్ చేసినా నేను మూడే అడగాలి: ఎక్కడున్నావ్, ఊపిరి సరిగ్గా తీసుకుంటున్నారా, మెడికల్ టెంట్‌కి చెప్పారా. నాలుగో ప్రశ్న రెండు రోజుల తరువాత, అన్నం తిన్నాక. మా ఆయన కూడా సంతకం పెట్టారు.

ఇక్కడికి చదువుకోవడానికి ఒంటరిగా వచ్చిన పిల్లలకి ఫ్రిజ్ మీద కాగితం అంటించేవాళ్ళు లేరు. వాళ్ళకి చెప్తున్నాను, వినండి. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేసి అంబులెన్సు కావాలని అడగండి, వచ్చేది అంబులెన్సు. వాళ్ళు పోలీసులు కాదు, స్నేహితుడు ఏం తీసుకున్నాడో చెప్తే అది వైద్యం కోసమే వాడతారు. మెడికల్ టెంట్‌లో మేం కూడా అంతే. ఫెస్టివల్స్‌లో డాన్స్‌వైజ్ అని, డ్రగ్స్ తీసుకుని ఇబ్బంది పడేవాళ్ళని చూసుకునే వాలంటీర్లు తిరుగుతుంటారు, మీ వయసు వాళ్ళే ఉంటారు, వాళ్ళకి చెప్పినా చాలు. ఒళ్ళు కాలిపోతున్నా, మాట తడబడుతున్నా, దవడ బిగుసుకున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా "కాసేపు చూద్దాం" అనొద్దు. ఎవరితోనైనా మాట్లాడాలంటే డ్రగ్స్ హెల్ప్‌లైన్ 1800 250 015, పగలూ రాత్రీ ఉంటారు, పేరు చెప్పక్కర్లేదు. ఏదో మింగేశాడు, ఏం చేయాలో తెలియట్లేదంటే 13 11 26, అది పాయిజన్స్ లైను.

ఇండియాలో పరిస్థితి ఇంకా కష్టం. 2019 డిసెంబరు చివర్లో గోవాలో సన్‌బర్న్ అనే మ్యూజిక్ ఫెస్టివల్‌కి అని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఇద్దరు కుర్రాళ్ళు అక్కడ కుప్పకూలి చనిపోయారు. డ్రగ్స్ వల్లేనేమోనని అనుమానించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ ఇద్దరి పక్కన నిలబడినవాళ్ళ గురించే ఆలోచన. మన దేశంలో రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళకి ఇబ్బంది లేకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ పెట్టారు. డ్రగ్ తీసుకుని పడిపోయినవాణ్ణి మోసుకొచ్చిన స్నేహితుడికి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, అలాంటి రక్షణ లేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం 2007లోనే అలాంటి రక్షణ ఇచ్చే చట్టం చేసింది. మన ఊళ్ళల్లో పలుకుబడి ఉన్నవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. గుడికి విరాళం ఇచ్చినట్టే దీని గురించి కూడా మీ ఎమ్మెల్యేకి, ఎంపీకి ఒక్క ఉత్తరం రాయండి. నేను రాశాను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక పెద్దాయన: ఇదే మందుని ఇక్కడ డాక్టర్లు వైద్యానికి వాడుతున్నారంటున్నారు కదమ్మా?)

నిజమేనండీ. 2023 జులై నుంచి, ప్రత్యేకంగా అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తరువాత మనసుని వదలని జబ్బు, ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు. కొలిచిన మోతాదు, చల్లని గది, పక్కన గంటల తరబడి కనిపెట్టుకుని ఉండే మనిషి. ఎండలో జేబులోంచి తీసి మింగే క్యాప్స్‌కి ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. మంచి ప్రశ్న అడిగారు, మీ మనవళ్ళు కూడా ఇదే అడుగుతారు, ఇదే చెప్పండి.

(ఒక తల్లి: మా వాడు వచ్చే నెల ఫెస్టివల్‌కి టికెట్ కొనేశాడు. పంపించమంటారా?)

వాడి వయసెంతమ్మా? పందొమ్మిదా. వద్దంటే ఆగుతాడా? మరి పంపించండి. టోపీ పెట్టి, సన్‌స్క్రీన్ రాసి, తిండి పెట్టి పంపించండి. వెళ్ళేముందు వాడితోపాటు వెళ్ళే స్నేహితుల్ని కూడా ఒక పూట భోజనానికి పిలవండి. వాడికి ఏదన్నా అయితే ఫోన్ చేయాల్సింది వాళ్ళే కదా, వాళ్ళకి మీ నంబరు తెలియాలి, మీ ముఖం తెలియాలి. "ఏ టైమైనా ఫోన్ చేయండి నాన్నా, నేను అరవను" అని వాళ్ళకి చెప్పండి. అన్నాక అరవకండి.

స్పృహ తప్పినవాణ్ణి ఎలా పక్కకి తిప్పి పడుకోబెట్టాలో, వాంతి గొంతుకి అడ్డం పడకుండా తల ఎలా పెట్టాలో చూపిస్తాను. వెనక స్టేజీ పక్కన చాప పరిచి ఉంచాను. టీ తాగేసి రండి. పిల్లలు మాత్రమే కాదు, పెద్దవాళ్ళు కూడా రావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూస్తే చాలు.